పీహెచ్‌సీ డాక్టరు మన ఇంటి డాక్టరు అయ్యేదెలా?

సత్తెనపల్లి_శీను
అందరికీ నమస్తే. ఈ విభాగంలో ఆరోగ్యశ్రీ మీద చర్చలు చాలా నడిచాయి. నా ప్రశ్న దానికంటే కింది మెట్టు గురించి.

మా నాన్నకు 68 ఏళ్లు, బీపీ, సుగరు రెండూ ఉన్నాయి. ఊళ్లో విలేజ్ క్లినిక్‌లో మాత్రలు ఇస్తారు, 104 బండి వచ్చిన రోజు డాక్టరమ్మ చూస్తారు. ఇబ్బందేమీ లేదు. ఆమధ్య జ్వరం తగ్గకపోతే గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. డిశ్చార్జి చేసేటప్పుడు సుగరుకి కొత్త మాత్ర రాశారు. ఇంటికొచ్చాక ఆయన పాతదీ కొత్తదీ రెండూ వేసుకున్నాడు. పొలం దగ్గర ఒళ్లంతా చెమటలు పట్టి కూలబడ్డాడు. పక్క చేనువాళ్లు చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకున్నాడు. తర్వాత రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండిట్లోనూ ఉన్నది గ్లిమిపిరైడే! క్లినిక్ అట్ట మీద మందు పేరు ఉంది. ఆస్పత్రి వాళ్లు ఇచ్చినదాని మీద కంపెనీ పెట్టుకున్న పేరు పెద్దగా, అసలు పేరు చీమ తలకాయంత ఉంది.

ఆస్పత్రి వాళ్లకు ఊరి క్లినిక్‌లో ఏం ఇస్తున్నారో తెలియదు. క్లినిక్ వాళ్లకు ఆస్పత్రిలో ఏం జరిగిందో తెలియదు. ఇద్దరి మధ్య కబురు మోసే పని ఏడో తరగతి చదివిన మా నాన్నది. విదేశాల్లో దీన్ని ఎలా నడుపుతారు? మన దగ్గర ఏం మారితే ఇది కుదురుతుంది?

క్లినిక్_సిస్టర్
శీను గారూ, నేను ప్రకాశం జిల్లాలో విలేజ్ క్లినిక్‌లో పనిచేస్తాను. నర్సింగ్ చదివి క్లినిక్ నడిపే మాలాంటివాళ్లని ఎంఎల్‌హెచ్‌పీ అంటారు, ఇప్పుడు సీహెచ్‌ఓ అంటున్నారు. మీ నాన్నగారికి జరిగినట్టు మా దగ్గరా జరుగుతూనే ఉంటుంది. ఆస్పత్రికి పోయొచ్చినవాళ్లను "ఫైలు తీసుకురండి" అని ఎన్నిసార్లు అడిగినా ఇంట్లో బీరువాలో పెట్టి వస్తారు. తెచ్చినా అందులో సగం స్కానింగు బిల్లులే.

మాకు మందులూ ఉన్నాయి, పరీక్షలూ ఉన్నాయి. ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైనప్పుడు విలేజ్ క్లినిక్‌కి 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు అన్నారు. టైమే లేదు. బీపీ చూడటానికి రెండు నిమిషాలు, దాన్ని యాప్‌లో ఎక్కించడానికి అంతకు రెట్టింపు. ఒకే మనిషి వివరాలు వేరే వేరే యాప్‌లలో మళ్లీ మళ్లీ కొట్టాలి. సిగ్నల్ లేకపోతే ఇంటికెళ్లి రాత్రి కొడతాం. పై నుంచి అడిగేది "ఎంతమందిని స్క్రీన్ చేశారు" అనే. వాళ్లలో ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చిందని మమ్మల్ని ఎవరూ అడగరు.

నిజం_చెప్తా
అన్నీ పబ్లిసిటీ పథకాలు. ఒక ప్రభుత్వం బిల్డింగుకి ఒక రంగు, ఇంకోటి వస్తే ఇంకో రంగు. బోర్డు మార్చడానికి పెట్టిన ఖర్చుతో మందులు కొనొచ్చు.

నిర్వాహకులు
రంగుల చర్చకి రాజకీయ విభాగం ఉంది. ఇక్కడ వద్దు.

లెస్టర్_డాక్టర్
శీను గారూ, నేను ఇంగ్లండులో జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని. కర్నూలులో ఎంబీబీఎస్ చేసి ఇక్కడ మూడేళ్ల జీపీ ట్రైనింగు చేశాను.

ఇక్కడ ప్రతి మనిషి ఒక జీపీ సర్జరీలో పేరు నమోదు చేసుకుంటాడు. సర్జరీ అంటే ఆపరేషన్ కాదు, క్లినిక్కే. 1948లో ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) మొదలైనప్పటి నుంచీ ఇదే పునాది. నా జాబితాలో ఉన్న మనిషి ఏ ఆస్పత్రిలో చేరినా డిశ్చార్జి కాగితం నాకు వస్తుంది. మందు మారిస్తే అందులో ఎందుకు మార్చారో రాయాలి. మా దగ్గర ఫార్మసిస్టు ఉంటారు. ఆ కాగితం చూసి పాత మందుల జాబితాతో సరిచూసి, రెండుసార్లు పడుతున్నది ఉంటే కొట్టేస్తారు. మీ నాన్నగారి విషయం ఇక్కడైతే చాలామట్టుకు ఆ బల్ల దగ్గరే దొరికిపోయేది.

డబ్బు కూడా చాలావరకు జాబితాలో ఎంతమంది ఉన్నారు, వాళ్ల వయసూ అవసరాలూ ఎలాంటివి అన్నదాన్ని బట్టే వస్తుంది. మనిషి రాకపోయినా వాడి బాధ్యత నాదే. రోగి వస్తేనే డాక్టరుకి ఆదాయం అనే పద్ధతికీ దీనికీ తేడా అక్కడే ఉంది.

ఇక్కడంతా స్వర్గం అనుకోకండి. పొద్దున 8 గంటలకు ఫోన్ లైన్ తెరవగానే జనం ఎగబడతారు, పది నిమిషాల్లో ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోతాయి. ఒక్కో ఫుల్‌టైమ్ జీపీ మీద రెండు వేల పైచిలుకు మంది. 2004లో బీపీ, సుగరు అదుపులో ఉంటే పాయింట్లు, పాయింట్లకు డబ్బు అని పెట్టారు. కొలవడం బాగా పెరిగింది. కానీ పేషెంటు ఏడుస్తూ చెప్తున్నా మన కళ్లు స్క్రీన్ మీద గడి నింపడం మీదే ఉండే అలవాటు కూడా వచ్చింది. సిస్టర్ గారు చెప్పిన యాప్ గోల నాకు కొత్త కాదు.

పాడేరు_డాక్టర్
ఏజెన్సీలో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని. లెస్టర్ సార్ చెప్పింది బావుంది. కానీ ఎవరూ మాట్లాడని విషయం ఒకటి నేను చెప్తాను.

మాలో ఎక్కువమంది పీహెచ్‌సీకి ఎందుకు వస్తారు? ఇన్‌సర్వీస్ కోటాలో, అంటే ప్రభుత్వ డాక్టర్లకి విడిగా ఉంచిన వాటాలో, పీజీ సీటు కోసం. అందులో తప్పులేదు, ఎంబీబీఎస్‌తో ఆగిపోతే మన సమాజంలో విలువ లేదు. "ఉత్త ఎంబీబీఎస్సేనా?" అని పెళ్లి చూపుల్లో కూడా అడుగుతారు. ఆ కోటా తగ్గించినందుకే 2024లో డాక్టర్లు రోడ్డెక్కారు. అంటే ఊళ్లో జనం పేర్లు, వాళ్ల జబ్బులు, ఇంటి పరిస్థితి అన్నీ తెలిసే సమయానికి డాక్టరు ఆర్థోపెడిక్స్‌కో రేడియాలజీకో వెళ్లిపోతాడు. మళ్లీ కొత్తవాడు, మళ్లీ మొదటి నుంచీ.

1946లోనే భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఉండాలంది, సమాజాన్ని తెలిసిన డాక్టరు కావాలంది. కేంద్రాలు కట్టుకున్నాం. ఆ డాక్టర్ని తయారుచేసే చదువు మాత్రం పక్కన పెట్టేశాం. ఫ్యామిలీ మెడిసిన్‌లో ఎండీ మన దేశంలో ఏ కొద్ది కాలేజీల్లోనో ఉంది. కాలికట్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ముందుగా మొదలుపెట్టిన వాటిలో ఒకటి. ఎండీకి సమానమైన డీఎన్‌బీ కోర్సు ఉంది కానీ మన పిల్లలు దాన్ని చివరి ఆప్షన్‌గా పెట్టుకుంటారు. పీహెచ్‌సీలోనే ఉంటూ ఫ్యామిలీ మెడిసిన్ పీజీ చేసి, అక్కడే స్పెషలిస్టు జీతంతో కొనసాగే దారి ఒకటి తెరవండి. ఎంతమంది ఉండిపోతారో చూడండి. నేనైతే ఉంటాను.

బస్తీ_భాయ్
హైదరాబాద్ సంగతి నేను చెప్త. మా బస్తీ దవాఖాన మంచిగనే ఉంటది. 2018ల మొదలుపెట్టిన్రు. డాక్టర్ ఉంటడు, నర్స్ ఉంటది, మందులు ఫ్రీ. రక్తం తీసి తెలంగాణ డయాగ్నోస్టిక్స్‌కి పంపిస్తే రిపోర్ట్ ఫోన్‌కే వస్తది. మా అమ్మకు థైరాయిడ్ దొరికింది అక్కడ్నే.

కష్టమేందంటే టైమింగ్. పొద్దున తొమ్మిదింటికి తెరుస్తరు, సాయంత్రం నాలుగింటికల్లా బంద్. నేను ఆటో నడుపుత. మా పక్కింటి అన్న సెంట్రింగ్ పని. ఇద్దరికీ ఆ టైమ్‌ల పోతే ఆ రోజు కూలి పాయె. అందుకే ముసలోళ్లు, ఆడోళ్లు పోతరు, మగోళ్లు మెడికల్ షాప్‌ల అడిగి గోళీ వేసుకుంటరు. బీపీ ఉన్నదని తెలిసేది పక్షవాతం వచ్చినంక.

కోళికోడ్_కోడలు
బస్తీ భాయ్ అన్న మాట నిజం. మా అత్తగారి ఊరు కేరళలో. 2017లో ఆర్ద్రం మిషన్ అని పీహెచ్‌సీలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చడం మొదలుపెట్టారు. డాక్టర్లనీ నర్సులనీ పెంచి ఓపీని సాయంత్రం ఆరు దాకా పొడిగించారు. ఆయాసానికి, డిప్రెషన్‌కి విడిగా క్లినిక్‌లు అక్కడే. మా మామగారు ఆయాసంతో నెలకోసారి వెళ్తారు, ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో నర్సు ప్రతిసారీ చేయించి చూస్తుంది. ఆయన ప్రతిసారీ తప్పే చేస్తారు, ఆమె ప్రతిసారీ తిడుతుంది! పంచాయతీ కూడా డబ్బు పెడుతుంది కాబట్టి మందులు లేకపోతే వార్డు మెంబరు ఇంటి ముందు గొడవ. అలా గట్టిగా అడగడం మన దగ్గరా రావాలి.

నిజం_చెప్తా
కేరళ వేరు, మనం వేరు. అక్కడ చదువుకున్నారు.

లెక్కల_మాస్టారు
"మనం వేరు" అనేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. నేను డాక్టర్ని కాను, రిటైరైన టీచర్ని, తప్పుంటే పాడేరు డాక్టరు గారు దిద్దాలి.

మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీకి 30,000 జనాభా అనేది లెక్క. ఇద్దరు డాక్టర్లు. అంటే ఒక్కొక్కరికి 15,000. ఇంగ్లండులో రెండు వేల చిల్లర. కాబట్టి డాక్టరే అందరినీ చూస్తాడు అనే కల ఇక్కడ పనికిరాదు.

30 ఏళ్లు దాటినవాళ్లు సగం అనుకుందాం, 15,000. వాళ్లలో నలుగురిలో ఒకరికి బీపీ ఉందనుకుంటే 3,750 మంది. నెలకోసారి డాక్టరే చూడాలంటే 25 పనిదినాల్లో రోజుకి 150 మంది, ఒట్టి బీపీకే. జ్వరాలు, గర్భిణులు, పాముకాట్లు, కుక్కకాట్లు దీనికి అదనం.

ఇదే భారం విలేజ్ క్లినిక్‌లకు పంచండి. 2,500 మందికి ఒకటి అనుకుంటే పన్నెండు క్లినిక్‌లు. ఒక్కో క్లినిక్‌కి సుమారు 312 మంది బీపీ వాళ్లు. రోజుకి పన్నెండు, పదమూడు మంది. ఒక సిస్టర్ చేయగల పని ఇది. అదుపులో ఉన్నవాళ్లకి సిస్టరే మాత్రలిచ్చి పంపాలి, అదుపు తప్పినవాళ్లని మాత్రమే డాక్టరు రోజున కూర్చోబెట్టాలి. రాష్ట్రంలో ఇలాంటి క్లినిక్‌లు 10,032 అని ప్రభుత్వమే చెప్పింది. అంటే ఎముకల గూడు ఉంది. యాప్‌లు తగ్గించి సిస్టర్‌కి ఆ పదమూడు మందిని చూసే తీరిక ఇవ్వడమే మిగిలింది.

పాడేరు_డాక్టర్
మాస్టారూ, లెక్క సరిగ్గానే ఉంది. రెండు చేర్పులు. ఒకటి, ఏజెన్సీలో పీహెచ్‌సీకి 20,000 అనేది ప్రమాణం, కానీ దూరాలు లెక్కలోకి రావు. వాగు పొంగితే ఆ వారం డాక్టరు రోజు లేనట్టే. రెండు, సిస్టర్‌కి స్పష్టమైన రాతపూర్వక ప్రోటోకాల్ కావాలి. ఫలానా అంకె దాటితే ఫలానా మందు ఎంత, ఎప్పుడు డాక్టరుకి ఫోన్ చేయాలి అని ఒక పేజీలో ఉండాలి. 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం ఇలాంటి ఒక పేజీ ప్రోటోకాల్ మీదే నడిచింది, తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం లేదు.

ఉద్దానం_వాసి
మా వైపు సంగతి కూడా వినండి. శ్రీకాకుళం జిల్లా, కిడ్నీ జబ్బుల గురించి అందరూ పేపర్లో చదివే ఉంటారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి ప్రారంభించారు. డయాలసిస్ కోసం విశాఖ దాకా పోయే బాధ తగ్గింది, సంతోషం.

కానీ డయాలసిస్ చివరి మజిలీ. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటోందని చూపే అంకె) పెరగడం మొదలైన రోజు నుంచీ ఆ మనిషిని ఎవరో ఒకరు పేరుపెట్టి వెంటాడాలి. బీపీ అదుపు చేయాలి, కొబ్బరి చెట్లెక్కి నడుం పట్టేసినప్పుడు మెడికల్ షాపులో నొప్పి గోళీలు కొనుక్కోకుండా ఆపాలి. ఇది నెఫ్రాలజిస్టు పని కాదు, ఊళ్లో ఉండేవాళ్ల పని. క్యాంపు పెట్టి రక్తం తీస్తారు, రిపోర్టు వచ్చేసరికి క్యాంపు ఎత్తేస్తారు. ఎక్కువ వచ్చిందని చెప్పడానికి ఇంటికొచ్చేది ఆశా కార్యకర్తే. ఆవిడ చేతిలో ఒక చీటీ తప్ప ఏమీ ఉండదు.

ఆర్‌ఎంపీ_గారబ్బాయి
అందరూ ఒక మనిషిని మర్చిపోయారు. మా నాన్న ఆర్‌ఎంపీ. తిట్టండి, పర్లేదు, అలవాటే. సెలైన్లు ఎక్కువ ఎక్కిస్తారు, స్టెరాయిడ్లు ఇస్తారు, ఆస్పత్రికి పంపి కమీషన్ తీసుకుంటారు అనే ఆరోపణల్లో నిజం ఉందని ఒప్పుకుంటాను. అందుకే నేను ఆ పనిలోకి వెళ్లలేదు, ఫార్మసీ చదివాను.

కానీ జనం ఆయన దగ్గరికే ఎందుకు పోతారో చూడండి. రాత్రి పదింటికి తలుపు కొడితే లేస్తాడు. డబ్బు పత్తి అమ్మాక ఇవ్వమంటాడు. ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో, ఎవరికి ఏ మందు పడదో కాగితం లేకుండా చెప్తాడు. మీరంతా వెతుకుతున్న ఆ "ఇంటి డాక్టరు" లక్షణాలన్నీ ఉన్నాయి, వైద్యం చదువు ఒక్కటే లేదు. చదువు ఉన్నవాళ్లకి ఆ లక్షణాలు వచ్చే ఏర్పాటు చేయనంతకాలం ఆర్‌ఎంపీలని ఎన్ని దాడులు చేసినా ఆపలేరు.

లెస్టర్_డాక్టర్
పై పోస్టు బాగా నచ్చింది. ఒకే డాక్టరు ఏళ్ల తరబడి చూడటం వల్ల లాభం ఊహ కాదు. నార్వేలో 2001 నుంచి ప్రతి పౌరుడికీ పేరుతో సహా ఒక జీపీ ఉంటాడు. అక్కడ లక్షల మంది రికార్డులు చూస్తే, ఒకే జీపీ దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లలో, ఏడాది లోపు పరిచయం ఉన్నవాళ్లతో పోల్చినప్పుడు, అత్యవసరంగా ఆస్పత్రిలో చేరడం 28 శాతం, మరణాలు 25 శాతం తక్కువగా తేలాయి.

వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే జీపీ ఉండేవారు. రోగం ఉందని వచ్చినవాళ్లకే కాకుండా ఊళ్లో అందరికీ బీపీ చూడటం మొదలుపెట్టారు. ఎవరు రాలేదో వాళ్లనే వెతుక్కుంటూ పోయేవారు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే అది తక్కువగా దొరుకుతుందని 1971లో రాసింది ఆయనే. అలాంటి గని ఊళ్లలో తెల్ల డాక్టర్లు ఉండనని వెళ్లిపోతే, 1960ల నుంచి దశాబ్దాల పాటు నడిపింది మన ఉపఖండం నుంచి వచ్చిన డాక్టర్లే. మనవాళ్లు అక్కడ చేయగలిగింది అనంతపురంలో ఎందుకు చేయలేరు? పాడేరు డాక్టరు గారు చెప్పిందే కారణం, అక్కడ జీపీ అనేది ఒక పూర్తిస్థాయి వృత్తి.

మెల్‌బోర్న్_మాధవి
ఇంగ్లండు పద్ధతి ఒకటే దారి కాదు, ఆస్ట్రేలియా కథ మన ప్రైవేటు క్లినిక్‌లకి దగ్గరగా ఉంటుంది. నేను ప్రాక్టీస్ మేనేజరుని. ఇక్కడ 1984 నుంచి మెడికేర్ ఉంది, జీపీకి ఒక్కో విజిట్‌కి ఇంత అని ప్రభుత్వం ఇస్తుంది. ఆ మొత్తంతో సరిపెట్టుకుంటే బల్క్ బిల్లింగ్ అంటారు, పేషెంటు జేబులోంచి తీయక్కర్లేదు. ఏళ్ల తరబడి ఆ రేటు ఖర్చుల వెంట పెరగలేదు, దాంతో క్లినిక్‌లు పైన అదనంగా వసూలు చేయడం ఎక్కువైంది. 2023 నవంబరులో పిల్లలు, పెన్షనర్లు, రాయితీ కార్డున్నవాళ్ల కోసం ప్రోత్సాహకాన్ని మూడింతలు చేశారు, 2025 నవంబరు నుంచి దాన్ని అందరికీ వర్తింపజేశారు.

విజిట్‌కి ఇంత అంటే ఏమవుతుంది? గబగబా చూసి పంపిస్తే ఎక్కువ ఆదాయం. నాలుగు జబ్బులున్న ముసలాయనతో అరగంట కూర్చుంటే నష్టం. అందుకే 2023 అక్టోబరులో మైమెడికేర్ అని, ఇష్టమైతే ఒక క్లినిక్‌లో పేరు రాయించుకునే పద్ధతి తెచ్చారు. బలవంతం లేదు. దీర్ఘకాలిక జబ్బులవాళ్లకి జీపీ ఒక ప్లాన్ రాస్తే ఏడాదికి ఐదుసార్లు ఫిజియోథెరపీ, డైటీషియన్, పాదాల వైద్యం లాంటివాటికి మెడికేర్ డబ్బిస్తుంది.

ఆంధ్రాలో అయితే నేను బలవంతం లేని నమోదుతోనే మొదలుపెడతాను. జనానికి ప్రభుత్వ డాక్టరు మీద నమ్మకం లేనప్పుడు "నీకు ఇతనే దిక్కు" అంటే తిరగబడతారు.

సత్తెనపల్లి_శీను
ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. ఆరోగ్య రికార్డులన్నీ ఒకచోట కలిపే ఆభా కార్డు, 14 అంకెలది, మా నాన్నకి ఎప్పుడో ఇచ్చారు. దానితో ఆస్పత్రి కాగితం క్లినిక్‌కి రాదా?

క్లినిక్_సిస్టర్
రావచ్చు, ఆస్పత్రి వాళ్లు ఎక్కిస్తే. మీరు చేర్చిన ఆస్పత్రిలో ఆ నంబరు అడిగారా?

సత్తెనపల్లి_శీను
ఆధార్ అడిగారు, అడ్వాన్స్ అడిగారు. ఆభా అడగలేదు.

లెక్కల_మాస్టారు
ఇక్కడే ప్రభుత్వం చేతిలో ఒక తాళంచెవి ఉంది. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ ప్రైవేటు ఆస్పత్రులకి ప్రభుత్వమే బిల్లులు కడుతోంది. పేషెంటు డిశ్చార్జి కాగితం ఆయన ఊరి పీహెచ్‌సీకి చేరితేనే చివరి విడత డబ్బు విడుదల అని ఒక జీవో ఇస్తే సరిపోతుంది.

నిజం_చెప్తా
బిల్లులు టైముకి రావడం లేదని ఆస్పత్రులు ఇప్పటికే సేవలు ఆపేస్తామని బెదిరిస్తున్నాయి. మీరు ఇంకో షరతు పెడితే ఆపేయడానికి సాకు దొరుకుతుంది.

లెక్కల_మాస్టారు
అది న్యాయమైన మాటే. బకాయిలు ముందు తీర్చాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఆరోగ్య బడ్జెట్‌లో మూడింట రెండొంతులు లేదా అంతకంటే ఎక్కువ ప్రాథమిక వైద్యానికే పెట్టమంది. మనం మాత్రం ముందు ఆపరేషన్ల బిల్లుల గురించి మాట్లాడుకుంటాం, మిగిలితే పీహెచ్‌సీ.

పాడేరు_డాక్టర్
జీవో వచ్చేదాకా ఆగకుండా చేయగలిగింది ఒకటి ఉంది. పీహెచ్‌సీ నుంచి పైకి పంపేటప్పుడు నేను రెఫరల్ చీటీలో ప్రస్తుతం వాడుతున్న మందులు, మోతాదులు రాసి, అడుగున "కొత్త మందు మొదలుపెడితే పాతది ఆపాలో వద్దో దయచేసి రాయండి" అని ఒక గీత గీసి ఖాళీ వదులుతాను. అందరూ నింపరు. కొందరు నింపుతారు, మా ఫార్మసిస్టు ఆ లైనే ముందు చూస్తాడు.

మందు పేర్ల సంగతి కూడా. అసలు పేరు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాలతో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన సవరించింది. 2023 ఆగస్టులో మెడికల్ కమిషన్ ఇంకా గట్టి నిబంధనలు తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టేసింది. రాసినా రాయకపోయినా, చీటీ మీద ఉన్న అసలు పేరేమిటని అడిగే హక్కు పేషెంటుకి ఉంది. శీను గారూ, మీ నాన్నగారి రెండు అట్టలూ, డిశ్చార్జి ఫైలూ పట్టుకుని వచ్చే 104 రోజున డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి. ఈలోగా ఏ సుగరు మాత్ర ఉంచాలో ఏది ఆపాలో క్లినిక్ సిస్టర్ చేత ఫోన్ చేయించి కనుక్కోండి, మీ అంతట మీరు రెండూ ఆపేయొద్దు.

బస్తీ_భాయ్
డాక్టర్ సాబ్, మా అమ్మకి కూడా బీపీవి మూడు రకాల గోళీలు ఉన్నయ్. ఫొటో ఇక్కడ పెడితే చూస్తరా?

నిర్వాహకులు
మందుల చీటీలు, రిపోర్టుల ఫొటోలు ఇక్కడ పెట్టొద్దు. పేర్లు, ఫోన్ నంబర్లు బయటపడతాయి. బస్తీ దవాఖానలో చూపించండి.

బస్తీ_భాయ్
అదే చెప్తున్న కదా భాయ్, నేను బండి దిగేసరికి నాలుగు దాటుతది.